పది అడుగుల దూరం

"కాలరు దగ్గర ఇంకా నల్లగానే ఉంది" అన్నారు మా ఆయన, ఫ్యాక్టరీ చొక్కాని కిటికీ వెలుతురుకి పట్టి చూస్తూ. ఆయన పేరు కామేశ్వరరావు. ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్ సెక్షన్. ఇనుప సామాన్లలో వెంట్రుకంత పగులున్నా పట్టేస్తారని అక్కడ మంచి పేరు. ఇంటికొచ్చాక కూడా ఆ కన్ను డ్యూటీ దిగదు. చొక్కా కాలరు మీదా, చారులో ఉప్పు మీదా, నా మీదా పనిచేస్తూనే ఉంటుంది. "రోజంతా ఖాళీగానే ఉంటావుగా, ఒక్క కాలరు తెల్లగా ఉతకలేవా?" అని ఆ చొక్కాని నా భుజం మీద వేసి వెళ్ళారు. అలా వేస్తున్నప్పుడు ఆయనకి నేను దండేనికీ మనిషికీ మధ్య ఎక్కడో ఉంటానని నా అనుమానం.

ఇది డెబ్భై నాలుగు చలికాలం సంగతి. కంపెనీ క్వార్టర్ల వరసలో మా వంతు ఇంకా రాలేదు. అమీన్‌పూర్‌లో ఒక కిరాయింట్లో ఉండేవాళ్ళం, ఆయనా, నేనూ, ఐదేళ్ళ మా పాపా, మా అత్తగారు వెంకటరమణమ్మగారూ. ఆ ఇంటి బావిలో ఉప్పునీళ్ళు. ఎంత రుద్దినా సబ్బు నురగ పట్టదు. అందుకని రోజూ వంటయ్యాక, పాపని బడికి పంపాక, మూట నెత్తిన పెట్టుకుని చెరువుకి వెళ్ళేదాన్ని. చాకలి ముత్యమ్మకి వేద్దామంటే మా ఆయన ఒప్పుకునేవారు కాదు. "బండకేసి బాదితే గుండీలు ఊడతాయి" అనేవారు. చెరువులో నేను బాదేదీ అలాంటి బండ మీదే, ముత్యమ్మ బండ పక్కనే. నేను బాదితే మాత్రం గుండీలు ఊడవని ఆయన నమ్మకం. ఊడినా మళ్ళీ కుట్టేది నేనే కదా.

నిజం చెప్పొద్దూ, చెరువుకి వెళ్ళడం నాకు ఇష్టం. మాది ఆకివీడు. కొల్లేరు నీళ్ళ మీద తెల్లారే పొద్దుని చూస్తూ పెరిగినదాన్ని. పెళ్ళై ఈ రాళ్ళ సీమకొచ్చినప్పుడు ఇక ఈ జన్మకి నీటి పిట్ట కనపడదనుకున్నాను. అమీన్‌పూర్‌కి మారిన ఏడాది, కార్తీకమాసం వెళ్ళేసరికి ఈ చెరువు నిండా బాతులు దిగాయి. పెంపుడు బాతులు కావు, ఎక్కడెక్కడి నుంచో ఎగిరొచ్చే అడవి బాతులు. తోక సూదిలా నిక్కబొడుచుకున్నవి కొన్ని, ముక్కు గరిటెలా వెడల్పుగా ఉన్నవి కొన్ని, అరచేతిలో పట్టేంత చిన్న పరజలు కొన్ని. మొదటిసారి చూసినప్పుడు తడి చీర చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయి ఏడ్చాను. పుట్టింటి వాళ్ళెవరో వెతుక్కుంటూ వచ్చినట్టనిపించింది.

ఆ సంగతి ఇంట్లో చెప్పాను కూడా. అత్తయ్యగారు, "బాతుల్ని చూస్తూ కూర్చున్నావా? అందుకే గుడ్డలారడానికి సాయంత్రమవుతోంది" అన్నారు. మా ఆయన పేపరు వెనక నుంచి, "అవి తింటారా?" అని అడిగారు. అంతే. ఆ తర్వాత బాతుల మాట ఇంట్లో ఎత్తలేదు. మనసులో దాచుకోవడానికి ఏదో ఒకటి ఉండటం బాగుంటుందని అప్పుడే తెలిసింది. చారు తిరగమోత పెడుతూ, పాపకి జడ వేస్తూ, ఆయన బూట్లకి పాలిష్ రాస్తూ, ఈ పూట ఆ సూదితోకది ఒడ్డుకొస్తుందా రాదా అని ఆలోచిస్తూ ఉండేదాన్ని. చేతులు వాళ్ళవి, ఆలోచన నాది.

రెండు చలికాలాలు చూసి చూసి ఒక సంగతి కనిపెట్టాను. ఆ బాతులకి ప్యాంటు తొడుక్కున్నవాళ్ళంటే ప్రాణభయం. ఆదివారాలు జీపుల్లో తుపాకులేసుకుని ఆఫీసర్లు దిగేవారు. కట్ట మీద ఒక్క ప్యాంటు కనపడితే చాలు, చెరువంతా ఒక్కసారి లేచిపోయేది. మేం మూటలు దించి, చీర ఎగదోపి, నడుం వంచి బండ మీద దబదబా బాదుతుంటే మాత్రం వాటికి పట్టేదే కాదు. మా బండల పక్కన నీళ్ళు మోకాలి లోతు, అడుగున లేత నాచు. దాని కోసం ఈదుకుంటూ మా ముందుకే వచ్చేవి.

"మనల్ని సూసి బాతులు గూడ భయపడవు ముత్యమ్మా" అన్నాను ఒకరోజు ఆమె యాసలోనే, నవ్వుతూ.

"ఎందుకు భయపడ్తయమ్మా? మనం గీడ ఉన్నమని ఎవ్వనికన్న కానొస్తదా? మనుషులకే కానరాము, గవిటికేం కానొస్తం" అంది ముత్యమ్మ, దుప్పటి పిండుతూ. ఆమె నవ్వలేదు.

ఆ మాట నాలో ఉండిపోయింది. ఇంటికొచ్చి బీరువా తెరిచి కెమెరా తీశాను. నల్లటి డబ్బా కెమెరా, అప్పట్లో మధ్యతరగతి ఇళ్ళన్నిట్లో ఉండేదే. పాప మొదటి పుట్టినరోజుకి మా ఆయన కొన్నారు. నాలుగు ఫొటోలు తీసి, నాలుగింటిలోనూ పాప తల తెగిపోయేసరికి, "డొక్కు డబ్బా" అని బీరువాలో పడేశారు. దానికి దూరం తగ్గించే అద్దాలూ అవీ ఉండవు. ఎండకో మీట, మబ్బుకో మీట, అంతే. బొమ్మ పది అడుగుల దూరంలో ఉంటే స్పష్టంగా పడుతుంది. ఇంకా వెనక్కి వెళ్తే ఎంత బాతైనా ఈగంత కనపడుతుంది. అంటే ఆ డబ్బాతో బాతుని తియ్యాలంటే బాతుకి పది అడుగుల దగ్గరకి పోవాలి. తుపాకీ ఉన్నవాడు కూడా పోలేని చోటు అది. నేను రోజూ కూర్చునే చోటే.

పుట్టింటి నుంచి వచ్చినప్పుడు అమ్మ చేతిలో పెట్టిన డబ్బుల్లోంచి ఒక రీలు కొన్నాను. రీలుకి పన్నెండు బొమ్మలు. కెమెరాని మా ఆయన బనీనులో చుట్టి, ఇత్తడి బకెట్లో పెట్టి, పైన సబ్బు పెట్టాను. మొదటి రోజు మీట నొక్కగానే టక్కుమన్న చప్పుడుకే బాతులన్నీ మెడలు నిక్కించాయి. రెండోది నొక్కేలోపు లేచిపోయాయి. ఆ రాత్రి అన్నం సహించలేదు. మర్నాడు ముత్యమ్మకి చెప్పుకుంటే ఆమె ఒక్క క్షణం ఆలోచించి, "నేను బండకేసి కొడ్త సూడు, గప్పుడే నువ్వు నొక్కు. గా సప్పుడుల గిది కలిసిపోతది" అంది.

అలా కుదిరింది మాకు. ఎండ నా వీపు మీద పడేలా బండ మార్చుకున్నాను. ఒళ్ళో తడిబట్ట, దాని మడతల్లో కెమెరా. ముత్యమ్మ దుప్పటి ఎత్తుతుంది, నేను ఊపిరి బిగబడతాను. దుప్పటి బండ మీద పడ్డ క్షణాన నా వేలు కదులుతుంది. కొన్నిసార్లు మూడు రోజులకి ఒక్క బొమ్మే అయ్యేది. ఒకరోజు, పదకొండు గంటలప్పుడనుకుంటాను, సూదితోకది సరిగ్గా నా ముందుకొచ్చి, నీళ్ళలో తల ముంచి, పైకెత్తి రెక్కలు విప్పి దులిపింది. నీటి బొట్లు గాల్లో ఉన్నాయి. దాని కంట్లో ఎండ ఉంది. దుప్పటి దభీమంది. నొక్కాను.  పాప పుట్టినప్పుడు కూడా నాకంత గర్వం కలగలేదంటే మీరేమైనా అనుకోండి.

రీలు కడగడానికి పటాన్‌చెరు బస్టాండు దగ్గర స్టూడియోలో ఇచ్చాను. అక్కడే నేను పొరపాటు చేశాను. కవరు మీద పేరేం రాయాలని స్టూడియో ఆయన అడిగితే, అలవాటు కొద్దీ "కామేశ్వరరావుగారు" అన్నాను. రేషను కార్డు మీదా, పాప బడి పుస్తకం మీదా, పాల చీటీ మీదా ఆ పేరే చెప్పీ చెప్పీ, నా పేరు చెప్పాలన్న సంగతే నాకు తట్టలేదు. బొమ్మలు సిద్ధమయ్యాయి. షిఫ్టు దిగి రోజూ అక్కడే బస్సెక్కే మా ఆయన్ని, ముఖపరిచయం ఉండటంతో, స్టూడియో ఆయన కేకేసి, "సార్, గింత దగ్గరకెళ్ళి ఎట్ల తీసిన్రు?" అని కవరు చేతిలో పెట్టాడట.

ఆ కవరు ఇంటికి రాలేదు. ఫ్యాక్టరీకి వెళ్ళింది. సెక్షన్‌లో అందరూ చూశారు, భుజం తట్టారు. రిపబ్లిక్ డేకి ఉద్యోగుల ఫొటోల పోటీ ఉందన్నారు. నాకు తెలిసేసరికి సూదితోక బాతు పెద్ద సైజులో అచ్చయి, అట్టకి అంటించి, కింద "కె. కామేశ్వరరావు, ఇన్‌స్పెక్షన్" అని రాసి, పోటీ గదిలో వేలాడుతోంది.

"అదేంటండీ, నేను తీసింది కదా" అన్నాను. నా గొంతు నాకే పీలగా వినిపించింది.

"పోటీ ఉద్యోగులకే హైమా. నీ పేరుతో ఇస్తే తీసుకోరు. అయినా మనింట్లో నీదేంటి, నాదేంటి?" అన్నారాయన, నిజంగానే ఆశ్చర్యపోతూ. అత్తయ్యగారు వత్తులు చేస్తూ, "మొగుడికి పేరొస్తే పెళ్ళానికి వచ్చినట్టు కాదూ?" అన్నారు. ఆ లెక్కన ఉతికిన కాలరు కూడా ఇద్దరిదీ కావాలి. నలుపు మిగిలినప్పుడు మాత్రం అది నా ఒక్కదాని నలుపే ఎందుకయింది? అడగలేదు. అడగనందుకు వారం రోజులు నన్ను నేను తిట్టుకున్నాను.

మొదటి బహుమతి వచ్చింది. గోడగడియారం. పిలిచినప్పుడు ఆయన వేదిక ఎక్కారు, అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కొడుతూ కొడుతూ నా చేతుల వైపు చూసుకున్నాను. సబ్బుకి పగిలిన వేళ్ళు, కుడి చూపుడు వేలి మీద మీట ఒత్తుకున్న చిన్న గుర్తు. కోపంతో నా చెవులు వేడెక్కిపోయాయి. ఎవరి మీద కోపమో కూడా స్పష్టంగా తెలుసు. సగం ఆయన మీద. సగం ఆ చప్పట్ల మీద.

వారం తర్వాత భీమశంకరంగారు మా ఇంటికొచ్చారు. కంపెనీ పత్రిక నడిపేది ఆయనే. తెల్ల జుట్టు, పెద్ద మాటలు లేని మనిషి. ఉగాది సంచిక అట్ట మీదకి అలాంటి బొమ్మ ఇంకొకటి కావాలిట, రంగుల్లో. "నా దగ్గర పెద్ద కెమెరా ఉంది. మీరు చోటు చూపించండి, ఆదివారం కలిసి వెళ్దాం. అసలంత దగ్గరగా ఎలా తీశారండీ?" అని అడిగారు.

నేను కాఫీ పెడుతున్నాను. వంటింటి గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

"ఓపికండీ, ఓపిక ఉండాలి. గంటల తరబడి కదలకుండా కూర్చోవాలి" అన్నారు మా ఆయన. ఇడ్లీ ఉడికేదాకా కుదురుగా కూర్చోలేని మనిషి! నాకు నవ్వొచ్చింది. నవ్వుతో పాటే నిమ్మళం కూడా వచ్చింది. ఈయనకి అక్కడ ఏం జరుగుతుందో ఒక్క ముక్క కూడా తెలీదు. తెలిసినదాన్ని నేను. వాళ్ళకి కాఫీ ఇచ్చి వచ్చేసరికి నా మనసులో ఒక నిర్ణయం జరిగిపోయింది.

శనివారం సాయంత్రం ఆయన మెల్లగా వంటింట్లోకి వచ్చి, "నువ్వెక్కడ కూర్చుంటావు?" అన్నారు. నేను ఒక్కటీ దాచలేదు. "ముత్యమ్మ బండ పక్కన. ఎండ వీపుకి ఉండాలి. ప్యాంటు వేసుకెళ్ళకూడదు. ముందు గంటసేపు బట్టలు ఉతకాలి" అన్నాను.

"సరిగ్గా చెప్పమంటే వేళాకోళమా?" అని విసురుగా వెళ్ళిపోయారు. నేను చెప్పింది చెప్పినట్టు నమ్మి ఉంటే ఆయన పరువు నిలిచేది. నమ్మరని నాకు తెలుసు. అయినా చెప్పాను. రేపు ఎవరూ నన్ను మోసం చేశావనకూడదు.

ఆదివారం ఉదయం ఆయన ఇస్త్రీ ప్యాంటు, నల్ల బూట్లు వేసుకున్నారు. బీరువాలో మన డబ్బా కెమెరాని చూసి, "ఆయన దగ్గర జర్మనీది ఉంటే ఈ డొక్కెందుకు?" అని తలుపు మూశారు. వాళ్ళు వెళ్ళిన అరగంటకి నేను కెమెరా తీశాను. లోపల అమ్మ డబ్బుల్లో మిగిలినదానితో కొన్న రెండో రీలుంది, అందులో ఇంకా మూడు బొమ్మలు మిగిలున్నాయి. బకెట్లో పెట్టి, ఫ్యాక్టరీ డ్రస్సూ పాప గౌన్లూ మూట కట్టాను. "ఆదివారం పూట ఉతుకేంటే?" అన్నారు అత్తయ్యగారు. "ఈ పూటే ఉందండీ పని. వంట సగం అయింది, మిగతాది మీరు చూడండి" అన్నాను. ఏడేళ్ళలో నేను ఆవిడకి పని చెప్పడం అదే మొదలు. ఆవిడ గరిటె చేతిలోకి తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారో ఆవిడకే తెలియనట్టు.

నేను కట్ట ఎక్కేసరికి అనుకున్నట్టే అయింది. చెరువు ఇవతలంతా ఖాళీ. బాతులన్నీ అవతలి ఒడ్డున నల్లటి గీతలా ఉన్నాయి. భీమశంకరంగారు కెమెరా మెడలో వేసుకుని నీరసంగా రాయి మీద కూర్చున్నారు. మా ఆయన, "ఇవాళ గాలి సరిగ్గా లేదండీ, అందుకే" అంటున్నారు.

నేను వాళ్ళని దాటుకుంటూ నీళ్ళలోకి దిగాను. మా ఆయన మొహం చూడలేదు. ముత్యమ్మ అప్పటికే ఉంది. "గా సార్లు జెర ఎన్కకి జరిగితే మంచిగుంటది" అంది నాతో. నేను వెనక్కి తిరిగి, జీవితంలో మొదటిసారి మా ఆయన ఆఫీసు మనిషితో గొంతెత్తి మాట్లాడాను. "మీరిద్దరూ ఆ తుమ్మచెట్టు వెనక కూర్చోండి. లేవకండి, మాట్లాడకండి. బూట్లు ఎండలో మెరుస్తున్నాయి, ముందవి విప్పండి."

భీమశంకరంగారు వెంటనే బూట్లు విప్పారు. మా ఆయన ఆయన్ని చూసి విప్పారు.

మేం ఉతకడం మొదలుపెట్టాం. చొక్కాకి సబ్బు రాసి, రుద్ది, బాది, జాడించాను. పావుగంటకి నల్లటి గీత చెదిరింది. అరగంటకి పరజలు చెరువు మధ్యకొచ్చాయి. నేను తలెత్తలేదు. గౌను జాడిస్తున్నప్పుడు మోకాలి దగ్గర నీళ్ళలో చిన్న కదలిక. ఓరకంట చూశాను. రెండు సూదితోకవి, ఒకటి వెనక ఒకటి. పదిహేను అడుగులు. పన్నెండు. పది. తడిబట్ట మడతలోంచి కెమెరా కళ్ళకెత్తాను. ముత్యమ్మ దుప్పటి ఎత్తింది. దభీ. రీలు తిప్పాను. దభీ. మూడోదానికి మగబాతు సూటిగా నా వైపు చూసింది. దభీ.

వెనక తుమ్మచెట్టు దగ్గర ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. నేను కెమెరా బకెట్లో పెట్టి, నిదానంగా నడిచి ఒడ్డుకొచ్చాను. బాతులు అక్కడే ఉన్నాయి.

భీమశంకరంగారు మా ఆయన వైపు చూశారు, తర్వాత నా చేతుల వైపు. "రిపబ్లిక్ డే బొమ్మ ఎవరు తీశారమ్మా?" అని అడిగారు, ఎంత మెల్లగా అంటే బాతులకి కూడా వినపడనంత.

మా ఆయన నేల చూపులు చూస్తున్నారు. ఆయన చెబుతారేమోనని ఒక్క క్షణం ఆగాను. ఆ క్షణం ఇవ్వాలనిపించింది. అది దాటిపోయాక నేనే చెప్పాను. "నేను తీశానండీ. ఆ డబ్బా కెమెరాతోనే, ఈ బండ మీద కూర్చునే. ముత్యమ్మ సాయంతో."

"అవునండీ. ఆవిడే" అన్నారు మా ఆయన చివరికి. ఆ రెండు మాటలకి ఆయనకి చెమట పట్టింది. జాలేసింది. కానీ జాలేసిందని వెనక్కి తీసుకునే మాట కాదది.

భీమశంకరంగారు జేబులోంచి చిన్న పుస్తకం తీశారు. "బహుమతి కాగితం మీద పేరు రేపే మారుస్తాను. నిబంధనల సంగతి నేను చూసుకుంటాను. అట్టకి మాత్రం ఇంటివాళ్ళు, బయటివాళ్ళు అని ఏమీ లేదు. ఇవాళ్టి మూడింట్లోంచి ఒకటి వేసుకుంటాం. రంగుల్లో లేకపోతే పోయె. పేరేమని రాయమంటారు? శ్రీమతి కామేశ్వరరావు..."

"హైమావతి" అన్నాను. "ముందు శ్రీమతి వద్దు, వెనక కామేశ్వరరావు వద్దు. వేస్తే పక్కన ముత్యమ్మ పేరు వెయ్యండి."

ఆయన రాసుకుంటుంటే ఆ పెన్సిలు చప్పుడు వింటూ నిలబడ్డాను. నా పేరు ఎవరైనా రాస్తుంటే చూసి ఎన్నేళ్ళయిందో. బడి వదిలాక అదే మొదలేమో. వచ్చింది ఏడుపు కాదు, కేక వేసి గంతులెయ్యాలనిపించే సంతోషం. బాతులు లేస్తాయని ఆపుకున్నాను.

"నాకు కూడా ఆ దగ్గర నుంచి ఒక్కటి తియ్యాలనుందమ్మా" అన్నారు భీమశంకరంగారు, చిన్నపిల్లాడిలా. "ఏం చెయ్యాలి?"

"ప్యాంటు తీసి తువ్వాలు కట్టుకోండి. ముత్యమ్మ ఒక దుప్పటిస్తుంది. గంటసేపు ఉతకాలి మరి."

ఆయన పకపకా నవ్వబోయి, నోరు మూసుకుని, ముత్యమ్మ దగ్గర తువ్వాలు అందుకున్నారు. "జెర నిమ్మళంగ కొట్టున్రి సారూ, మాది పాత దుప్పటి" అంది ముత్యమ్మ.

మా ఆయన చెట్టు కింద వట్టి కాళ్ళతో నిలబడి ఉన్నారు. బూట్లు ఒక చేతిలో ఉన్నాయి. ఏడేళ్ళలో ఆయన నన్ను ఏదైనా అడగడానికి అంత తటపటాయించడం నేను చూడలేదు.

"మరి నేనేం చెయ్యను హైమా?" అన్నారు.

నేను బకెట్లోంచి సబ్బు తీసి ఆయన చేతిలో పెట్టాను.

"మీ చొక్కా ఆ బండ మీద ఉంది" అన్నాను. "కాలరు దగ్గర ఇంకా నల్లగానే ఉంది."